చెవి ముడి

ఆగస్టు 4, సోమవారం

ఇది మిగిలిపోయిన రికార్డు పుస్తకం. ఒక పక్క గీతల పేజీ, ఒక పక్క బొమ్మ వేయడానికి తెల్ల పేజీ. గీతల వైపే రాస్తాను. బొమ్మలు నాకు రావు.

ఈ కాలేజీ జువాలజీ ల్యాబులో ముప్పై నాలుగేళ్ళుగా అటెండరుని. చదివింది మూడో తరగతి. మిగతా అక్షరాలు సీసాల మీద చీటీలు చూసి నేర్చుకున్నాను. రెండు వందల పన్నెండు సీసాలు. ప్రతి సీసా మెడకూ చీటీ కట్టింది నేనే. ప్రాక్టికల్సు పద్నాలుగు. పద్నాలుగింటికీ ఎంత రావాలో నాకు నోటికి వచ్చు. పిల్లలు లెక్క తేలక తల గోక్కుంటూ నా స్టూలు దగ్గరికి వస్తారు. "తాతా, ఎంత రావాలి?" అంటారు. చెప్తాను. అదే వేసుకుంటారు. ఇంతకాలంలో ఒక్కరు కూడా ఫెయిల్ కాలేదు.

ఇవాళ కొత్త మేడం వచ్చింది. పేరు క్యాథరిన్. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. వచ్చీ రాగానే పిల్లల చేత మాన్యువళ్ళు మూయించింది.

"ఇందులో జవాబులు ముందే ఉన్నాయి. తెలిసిన జవాబు కోసం మళ్ళీ ప్రాక్టికల్ ఎందుకు? ఈ సెమిస్టరు ప్రశ్న మీదే, జవాబు వెతుక్కోవడమూ మీదే. బాగా చూడండి. చూసి రాయండి" అంది.

చూసి రాయండి అనగానే పిల్లలంతా నా వైపు తిరిగారు. నేను లేచి బీరువా తెరిచి పాత బ్యాచీల రికార్డులు తీసి బల్ల మీద పేర్చాను. ఏటా చేసే పనే. ఈ కాలేజీలో చూసి రాయడమంటే అదే.

మేడం నవ్వింది. "పెంచలయ్య గారూ, అవి కాదండీ. జంతువుని చూసి రాయమన్నాను" అంది. పిల్లలు కూడా నవ్వారు. ఈ గదిలో నన్ను చూసి పిల్లలు నవ్వడం ఇదే మొదటిసారి.

గారు ఒకటి తగిలించింది. గారు ఎవరికి కావాలి?

రికార్డులు లోపల పెట్టి తాళం వేశాను.

ఆగస్టు 6, బుధవారం

రేపు పిల్లల్ని బస్సులో పులికాట్ ఒడ్డుకు తీసుకుపోతుందట. ప్రశ్నలు వెతుక్కోవడానికి. నన్ను రమ్మనలేదు. ల్యాబు చూసుకోవాలట. ల్యాబు ఎక్కడికైనా పారిపోతుందా?

ఆగస్టు 8, శుక్రవారం

ప్రశ్న దొరికిందట. భానుప్రియ చెప్పింది. ముందు బల్లలో కూర్చునే పొడుగుపిల్ల. వాళ్ళ మామ సూళ్ళూరుపేటలో పీతలు కొని మద్రాసుకు పంపిస్తాడు.

ఒడ్డున పేరమ్మ అని ఒకామె పీతలు ఏరుతూ ఉందట. ఒక్కో పీతను తిరగేసి, కడుపు పక్కన కాలి మొదట్లో బొటనవేలితో నొక్కి, "నిండు పీత", "నీళ్ళ పీత" అంటూ రెండు బుట్టల్లో వేస్తూ ఉందట. కండ పట్టింది నిండు పీత. పాత గుల్ల వదిలి కొత్త గుల్ల తొడుక్కున్న దాంట్లో ఇంకా కండ ఉండదు, నీళ్ళుంటాయి. అది నీళ్ళ పీత.

"ఎట్టా తెలస్తది పెద్దమ్మా?" అని ఈ పిల్ల అడిగిందట.

"నొక్కితే తెలస్తది."

"ఎప్పుడూ తప్పదా?"

"తప్పితే మీ మామ నా నోటి మాట మీద బుట్ట ఎత్తుకోని పోతాడా?"

అంతే. ఆ బొటనవేలు నిజం చెబుతుందా లేదా, అదే వీళ్ళ ప్రశ్న. దీనికి బీఎస్సీ చదవాలి.

నీళ్ళ పీత సంగతి నాకు తెలియదా? నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడినా, అది వేరే విషయం. నేను పులికాట్ ఒడ్డు పల్లె దొరువుకుప్పంలో పీతలోళ్ళ బిడ్డనని ఈ కాలేజీలో ఎవరికీ తెలియదు. పదిహేడో ఏట ఆ ఒడ్డు వదిలాను. ఊరేదని అడిగితే సూళ్ళూరుపేట అంటాను. అబద్ధం కాదు. ఇల్లు ఇక్కడే కదా.

ఆగస్టు 11, సోమవారం

పేరమ్మ ల్యాబుకు వచ్చింది. అరవై ఉంటాయి. చెప్పులు బయట విప్పి, గుడికి వచ్చినట్టు వచ్చింది. ఆ మాత్రం భయం ఉండాలి. నన్ను చూసి "నమస్కారం సారూ" అంది. ఈ కాలేజీలో నన్ను సారూ అన్నది ఆమె ఒక్కతే. చదువు లేకపోయినా మనిషి విలువ తెలిసినట్టుంది అనుకున్నాను.

అప్పుడు మేడం తన కుర్చీ ఆమెకు వేసింది.

లెక్చరర్ల కుర్చీ అది, చేతులున్నది. పేరమ్మ కూర్చోనంది. మేడం భుజాలు పట్టి కూర్చోబెట్టింది. "ఈ ప్రశ్నలో మా అందరికన్నా మీకే ఎక్కువ తెలుసమ్మా. మీరు చెప్పండి, మేం రాసుకుంటాం" అంది. ఇరవై మంది పిల్లలు చుట్టూ చేరి పుస్తకాలు తెరిచారు. ముప్పై నాలుగేళ్ళలో నేను చెప్పింది ఒక్కరు కూడా పుస్తకం తెరిచి రాసుకోలేదు. చేతి మీద రాసుకుపోయారు, చేతులు కడుక్కున్నారు.

టీ తెమ్మన్నారు. తెచ్చాను. ఆమెకు నేనే అందించాను.

ఆగస్టు 12

నా స్టూలు ఒక కాలు ఊగుతోంది. ఎన్నేళ్ళుగానో ఊగుతోంది. ఇవాళే తెలిసింది.

ఆగస్టు 14, గురువారం

ప్రిన్సిపాల్ సారు దగ్గరికి పోయాను. ల్యాబులో నీచు వాసన వస్తోంది సార్, బయట మనుషుల్ని లోపలికి తెస్తున్నారు, సీసాలకు భద్రత లేదు అని చెప్పాను.

"జువాలజీ ల్యాబులో నీచు కాకపోతే మల్లెపూల వాసన వస్తదా పెంచలయ్యా? గమ్మున పో" అన్నాడు.

ఈయన ఈ కాలేజీలోనే చదివాడు. ఏడో ప్రాక్టికల్ జవాబు ఈయనకు చెప్పింది నేనే.

ఆగస్టు 18, సోమవారం

ఇవాళ పరీక్ష. పిల్లలకు కాదు, పేరమ్మ బొటనవేలికి.

పద్ధతి మేడం, పిల్లలు కలిసి కట్టుకున్నారు. ఇరవై పీతలు. ఆమె ఒక్కోదాన్నీ నొక్కి, నిండుదైతే ఎర్ర పురికొస, నీళ్ళదైతే తెల్ల పురికొసతో కరిచే కాళ్ళు కట్టాలి. తాడే గుర్తు, ఇంకెక్కడా రాయరు. మధ్యాహ్నం వేరే పిల్లలు వాటిని ఉడికించి, గుల్ల తీసి, కండ తూచాలి. ఏ రంగు దేనికో ఆ పిల్లలకు చెప్పరు. చెబితే చేతులు అటే మొగ్గుతాయట. రంగు సంగతి తెలిసింది మేడానికి, భానుప్రియకు, పేరమ్మకు. గదిలోనే ఉన్నాను కాబట్టి నాకూ. నేనున్నట్టు ఎవరూ లెక్క పెట్టుకోలేదు.

పేరమ్మ అరగంటలో ఇరవై కట్టేసి పదకొండు గంటల బస్సుకు వెళ్ళిపోయింది. మేడం భోజనానికి పోతూ "పెంచలయ్య గారూ, గోనె తడిపి ఉంచండి" అంది.

తడిపాను. కొన్ని కట్లు వదులుగా అనిపించాయి. ఎనిమిది విప్పి మళ్ళీ కట్టాను. పీత విడిపించుకుంటే పిల్లల వేళ్ళు తెగుతాయి కదా. ఎర్రవి నాలుగు, తెల్లవి నాలుగు. చేతికి ఏ తాడు తగిలితే ఆ తాడు కట్టాను. రంగు చూడలేదు.

పీతను ముట్టి నలభై ఏళ్ళు దాటింది. ఎడమ పాదం కింద దాన్ని తొక్కిపెట్టగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఒకటి మాత్రం వేలు పట్టింది.

ఇంట్లో మాలకొండమ్మ చూసింది. నా భార్య కళ్ళ నుంచి ఏదీ దాచలేం.

"ఏమయ్యా, వేలికేంది?"

"సీసా పగిలింది."

"సీసాకి పైనా కిందా పండ్లుండాయా?"

అన్నం పెట్టమన్నాను.

ఆగస్టు 19, మంగళవారం

లెక్క తేలింది. ఇరవైలో పదకొండు.

భానుప్రియ బోర్డు మీద రాసింది. "రూపాయి బిళ్ళ ఎగరేసి చెప్పినా పది వస్తాయి మేడం" అంది. మేడం, "ఏది వస్తే అదే రాయాలి. మనకు నచ్చింది కాదు" అంది. ముఖం మాత్రం వాడిపోయింది.

నాకు బాగానే ఉంది. రెండు టీలు తాగాను. కుర్చీని దాని చోట పెట్టి తుడిచాను.

ఆగస్టు 20, బుధవారం

పేరమ్మ ఫలితం అడగడానికి వచ్చింది. కొత్త చీర కట్టుకుని వచ్చింది.

మేడం మెల్లగా చెప్పింది. ఆమెకు అర్థం కాలేదు. "పదకొండు అంటే మంచిదేనా అమ్మా?" అని అడిగింది. భానుప్రియ తల దించుకుని, "సగానికి కొంచెం ఎక్కువ పెద్దమ్మా. మా మామకు కూడా తెలిసిపోయింది. నేనే నోరు జారినా. ఇంక నీ బుట్ట ఆయనే నొక్కి చూసుకోని తీసుకుంటాడంట" అంది.

ఇరవై ఏళ్ళుగా ఆమె నిండు అంటే నిండే. ఇక ఆమె కళ్ళ ముందే ఇంకొకడు నొక్కి చూస్తాడు.

అంత దూరం పోతుందని నేను అనుకోలేదు.

"ఒక తూరి చూపించండమ్మా" అంది. ఫ్రిజ్‌లో నుంచి ట్రేలు తెచ్చాను. నేనే తేవాలి కదా. గుల్లలు, తాడు కట్టిన కాళ్ళు, నంబర్ల ప్రకారం పెట్టి ఉన్నాయి. ఒక్కోటీ చేతిలోకి తీసుకుంది. నాలుగోది చూసి ఆగింది. తాడును గోటితో గీకింది. తర్వాత తొమ్మిదోది. తర్వాత పదమూడోది.

తర్వాత తలెత్తి సీసాల బీరువాల వైపు చూసింది.

అప్పుడు నేనూ చూశాను. రెండు వందల పన్నెండు సీసాల మెడలకూ చీటీలు. చీటీలకు దారం. ప్రతి ముడికీ ఒక చిన్న వంక, వేలు దూరేంత, పక్కకు వదిలినది. మా నాయన దాన్ని చెవి అనేవాడు. కట్టిన పీతను చెవి పట్టి ఎత్తితే కరవదు. మా దొరువుకుప్పంలో అందరూ అలాగే కడతారు. ఒడ్డున మిగతా కుప్పాల్లో, అంటే జాలరి పల్లెల్లో, ముడి కడుపు కిందికి వేస్తారు, చెవి ఉండదు. పేరమ్మ కట్టిన వాటికీ లేదు. చీటీలు కట్టేటప్పుడు ఏ ముడి వేస్తున్నానో ఎన్నడూ ఆలోచించలేదు. మొన్న పీతలకు కట్టేటప్పుడూ ఆలోచించలేదు.

"ఏంది పెద్దమ్మా?" అంది భానుప్రియ.

పేరమ్మ నా వైపు చూసింది. తర్వాత పీత కాలును ట్రేలో పెట్టేసింది.

"ఏం ల్యా పాపా. నాదే తప్పు. వయసయింది. ఏలికి తెలివి పోయుంటది" అంది.

మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"దొరువుకుప్పమా అన్నా?"

సారూ అనలేదు.

ఆగస్టు 21

కాలేజీకి పోలేదు. జ్వరం అని చెప్పించాను.

ఆగస్టు 22, శుక్రవారం

ఇవాళ కూడా పోలేదు. మాలకొండమ్మ ఒళ్ళు పట్టి చూసి, "సల్లగా ఉండావు. ఏం జేసినావో చెప్పు" అంది.

చెప్పాను. రంగు చూడలేదని పైన రాసింది కొట్టేయాలి. చూశాను. ఎర్రదాన్ని తెల్లగా, తెల్లదాన్ని ఎర్రగా, ఏరి ఏరి మార్చాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఆమె నీ పేరు చెప్పలేదా?" అంది.

"చెప్పలేదు."

"పెద్ద మనిషి."

అది వినలేకపోయాను. తిట్టినా బాగుండేది. కుర్చీ ఆమెకే. పుస్తకాలు తెరిచి రాసుకోవడం ఆమె మాటకే. ఇప్పుడు మంచితనమూ ఆమెకే. నా ఇంట్లో, నా భార్య నోటితో. నా తప్పును కూడా తనే తీసుకుపోయి తన బుట్టలో వేసుకుంది. నాకంటూ ఏం మిగిలింది?

నా తప్పు నాది. దాన్ని ఆమెకు వదిలేది లేదు.

ఆగస్టు 25, సోమవారం

చెప్పేశాను.

పేరమ్మకు కబురు పెట్టించి పిలిపించాను. పిల్లలంతా వచ్చాక ట్రే తీసి బల్ల మీద పెట్టాను. నలుగురి ముందు మాట్లాడి ఎరగను, గొంతు పెద్దదిగా వచ్చింది.

"నాలుగు, తొమ్మిది, పదమూడు. ఇంకో ఐదుండాయి. ఆ ముడి నాది. అన్నానికి పోయినప్పుడు ఎనిమిదింటికి తాళ్ళు మార్చినా. ఆమె ఏలికి ఏం కాలా. రాసుకోండి."

భానుప్రియే ముందు పుస్తకం తెరిచింది. నేను చెప్పింది రాసుకుంది.

మేడం నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇరవై ప్రాణాలు పెంచలయ్య గారూ. ఇంతమంది పిల్లల మూడు వారాల కష్టం. ఈమె మాట మార్కెట్లో పోయింది. ఎందుకు చేశారు?"

చాలా అనుకుని పోయాను. ముప్పై నాలుగేళ్ళు, పద్నాలుగు ప్రాక్టికల్సు, సీసాలు. నోటికి వచ్చింది ఒక్కటే.

"కుర్చీ" అన్నాను. "ఆమెకి కుర్చీ ఏసినారు."

వెనక బల్లలో ఎవరో కిసుక్కుమన్నారు. మేడం అటు చూసేసరికి ఆపేశారు.

పేరమ్మ మాత్రం పైకే నవ్వింది. "ఆ కుర్చీలో నా నడుము పడిపోయింది సామీ. ముందే అడిగుంటే ఇచ్చేసేదాన్ని. ఒరే అన్నా, ముడి మార్చాలనుకున్నోడివి మా ముడి నేర్చుకోవాల్సింది కదరా. చెవి ఏల పెట్టినావు?"

"చేతులకి అదే వస్తది" అన్నాను.

"యాడికి పోతది మరి" అంది.

మేడం ల్యాబు తాళాలు అడిగింది. ఇచ్చాను. భానుప్రియకు ఇచ్చింది. ఆ పిల్ల వాటిని జేబులో వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

"ఆ ఎనిమిదీ తిరగేసి లెక్క సరిచేద్దామా మేడం? పంతొమ్మిది వస్తాయి" అని అడిగింది భానుప్రియ.

"కుదరదు. చెడిపోయిన లెక్కను అతికించకూడదు. మళ్ళీ మొదటి నుంచి. జరిగింది మాత్రం జరిగినట్టు రాయాలి" అంది మేడం.

ఆగస్టు 26

తాళాలు లేక నడుము దగ్గర తేలికగా ఉంది. నడుస్తుంటే చప్పుడు రావడం లేదు. నేను వచ్చింది ఎవరికీ తెలియడం లేదు.

సెప్టెంబరు 1, సోమవారం

మళ్ళీ ఇరవై పీతలు. ఈసారి అన్నం వేళలో భానుప్రియ గోనె పక్కనే కూర్చుని డబ్బా తెరిచి తిన్నది. నన్ను చూసి "నీకూ పెట్టేదా తాతా?" అంది. వద్దన్నాను.

పొద్దున కట్టడం మొదలుపెట్టే ముందు పేరమ్మ ఒక మాట అంది. "ఈ అన్న కూడా పీతలోళ్ళ బిడ్డే. ఆయన చేత కూడా నొక్కించండి. తెలస్తది కదా, ఇది మా నెత్తుటిలో ఉందో, పనిలో ఉందో."

మేడం కళ్ళు పెద్దవి చేసింది. "భానూ, రాసుకో. ఇది కొత్త ప్రశ్న" అంది.

ఇప్పుడు కాలేజీ అంతా తెలిసిపోయింది, నాది ఏ ఊరో. ఏమీ కాలేదు. ఆకాశం అక్కడే ఉంది.

పేరమ్మ కట్టకముందే ఇరవై నేనూ నొక్కాను. నేను చెప్పింది ఆమెకు వినపడకుండా విడిగా రాసుకున్నారు.

సెప్టెంబరు 2, మంగళవారం

ఆమెకు పద్దెనిమిది.

నాకు పన్నెండు.

పనిలోనే ఉందట.

సెప్టెంబరు 3

పన్నెండు. రూపాయి బిళ్ళకన్నా రెండు ఎక్కువ.

సెప్టెంబరు 5, శుక్రవారం

భానుప్రియ వాళ్ళ మామను ల్యాబుకే తీసుకొచ్చి బోర్డు చూపించింది. ఆయన పద్దెనిమిది అంకెను చూశాడు, పేరమ్మను చూశాడు. "సరేలే అక్కా, ఎప్పటిలాగే ఎత్తుకోని పోతా" అన్నాడు. పేరమ్మ ఊరుకోలేదు. "ఇరవైకి రెండు తప్పతాయని తేలింది కదా అబ్బయా, నువ్వు గూడా నొక్కు, నాకేం భయం" అంది. మళ్ళీ ఆమే పెద్ద మనిషి. చూసి చూసి అలవాటవుతోంది. పూర్తిగా కాలేదు.

సెప్టెంబరు 10, బుధవారం

వరండాలో పోస్టరు పెట్టారు. ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో. అందరూ పోయాక తెలుగుది చదివాను. వేలు పెట్టి చదవాల్సి వచ్చింది, అక్షరాలు చిన్నవి.

పైన పిల్లల పేర్లు. వాటి పక్కనే, అదే సైజులో, పేరమ్మ, గుల్లకుప్పం. నా పేరు కోసం పైనుంచి కిందికి వెతికాను. అన్నిటికన్నా కింద, లోపాలు అని ఉన్న చోట ఉంది.

"మొదటి ప్రయత్నంలో ఎనిమిది పీతల తాళ్ళు మార్చబడ్డాయి. మార్చినవారు, స్వయంగా తెలియజేసినవారు: పెంచలయ్య, ల్యాబ్ అటెండర్, దొరువుకుప్పం."

అచ్చులో నా పేరు పడడం ఇదే మొదటిసారి.

చదువుతూ ఉండగా వెనకనుంచి పేరమ్మ వచ్చింది. ఆమెకు చదవడం రాదు.

"నా పేరు యాడుందన్నా?"

చూపించాను. దాని మీద వేలు పెట్టి, చీర కొంగుతో తుడిచినట్టు తుడిచింది.

"నీదో?"

కింద చూపించాను. వంగి చూసింది.

"ఏమని రాసినారు?"

"ముడి గురించి."

"ఎవరి ముడి? నీదా, నాదా?"

"నాది."

"అట్టయితే ఇంత సన్నగా రాస్తే ఎట్టా? ఆ చెవి పట్టబట్టే కదా అంతా పైకొచ్చింది" అంది.

సాయంత్రం భానుప్రియ తాళాలు తెచ్చి నా స్టూలు మీద పెట్టి పోయింది. మళ్ళీ చప్పుడు వచ్చింది.

సెప్టెంబరు 11, గురువారం

మేడం అడిగింది. ఏ కుప్పం వాళ్ళు ఏ ముడి కడతారో బొమ్మలతో సహా కావాలట. వచ్చే బ్యాచీకి. చెవి ముడి నన్ను వేసిమ్మంది. కుర్చీ జరిపి పెట్టింది. నేను స్టూలు మీదే కూర్చున్నాను. స్టూలు నాకు అలవాటు.

ఇంటికి వచ్చి ఈ పుస్తకంలోనే తెల్ల పేజీ వైపు వేశాను. సరిగా రాలేదు. చెవి పక్కకు పోయింది. తాడు కిందనుంచి వస్తుందా, పైనుంచి వస్తుందా, యాభై ఏళ్ళుగా కట్టే ముడి, నాకే తెలియదు.

రేపు ఒక సీసా ముందు పెట్టుకుని, చూసి వేస్తాను.